హృదయమునకు దారి

నేడు మన పట్టణములలో “ఆంజియోగ్రాము చేయించితిమి” యనుట “జాతకము చూపించితిమి” యన్నంత సామాన్యమైనది. మణికట్టునుండి గాని గజ్జనుండి గాని సన్నని గొట్టమును రక్తనాళములోనికి పంపి, అందుండి యొక ద్రవము నెక్కించి, గుండె ధమనులలో నడ్డెక్కడ గలదో వైద్యులు ఎక్సురే చిత్రమున జూచుచున్నారు. ఇట్టి దారి గలదని నమ్ముటకు వైద్యలోకమునకు చాలకాలము పట్టినది. ఆ కథ నిచట చెప్పనెంచితిమి.

ఫ్రాన్సు దేశమున షోవో, మారే యనువారు 1861లోనే బ్రతికియున్న గుఱ్ఱముల గుండెలలోనికి గొట్టములంపి లోని పీడనమును గొలిచిరి. ఐనను మనుష్యుని గుండెజోలికి బోరాదను భయము మాత్రము పోలేదు.

1929లో బెర్లిను సమీపమున ఎబర్స్‌వాల్డె యను చిన్న పట్టణపు టాసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యు డుండెను. ప్రాణాపాయవేళ మందును గుండెకు జేర్చుటకై ఛాతిని సూదితో పొడుచుట యాతనికి నచ్చలేదు. మోచేతి సిరవెంట పోయినచో హృదయమునకే చేరవలయును గదా! పై యధికారి వలదనెను. అంత నతడు పరికరములకు బాధ్యురాలగు నర్సును మెప్పించి, ప్రయోగము నామెపైననే చేయుదునని నమ్మబలికి, ఆమెను బల్లకు గట్టి, తన యెడమచేతి సిరను తానే కోసికొని, మూత్రనాళములకు వాడు గొట్టమును లోనికి త్రోసికొనెను. ఆ గొట్టముతోనే ఎక్సురే గదికి నడచి, అద్దమున తన గుండెనీడను జూచుకొనుచు 65 సెంటీమీటర్లవఱకు పంపెను. గొట్టపుకొన కుడి కర్ణికను చేరినట్లు చిత్రము తీయబడెను. అతనికేమియు కాలేదు.

ఈ సాహసమును మెచ్చుచునే యొకమాట చెప్పక తప్పదు. తన ప్రాణమును పణముగ నొడ్డుట వేఱు. నమ్మివచ్చిన స్త్రీని కట్టివేసి యేమార్చుట వేఱు. దీనిని హాస్యముగ జెప్పుకొనువారితో మేమేకీభవింపజాలము.

ఆ యేటనే యతడు తన ప్రయోగమును ప్రకటించెను. పెద్దలాదరింపలేదు. బెర్లినులోని షారిటే వైద్యాలయమున కొలువు నిలువక, తుదకు మూత్రరోగ చికిత్సకు మరలెను. 1932లో నాజీపక్షమున చేరెను. గురువులమాట త్రోసిపుచ్చినవా డా నాయకుని మాటకు తలయొగ్గుట విచారకరము.

ఇంతలో న్యూయార్కునందు కూర్నాండ్, రిచర్డ్స్ అను వైద్యు లా మార్గమునే పట్టి, 1940 తరువాతి యేండ్లలో గుండెలోని పీడనమును, రక్తప్రవాహమును కొలుచుటను నిత్యకృత్యముగ జేసిరి. 1956లో నోబెల్ బహుమానము మువ్వురకును కలిపి లభించెను.

చూచుటకేర్పడిన దారి చికిత్సకును దారియయ్యెను. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండున చార్లెస్ డాటర్, కాలు తీయించుకొనుట కొప్పుకొనని 82 ఏండ్ల వృద్ధురాలి తొడధమనిని గొట్టములతోనే వెడల్పు చేసెను, కాలు దక్కెను. ఆ పద్ధతికి గ్రుంట్‌జిగ్ అనునతడు చిన్న బుడగను జేర్చి, 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరమున నొకని గుండెధమనిని శస్త్రచికిత్స లేకయే తెఱచెను. పదియేండ్లకు పరీక్షింపగా నా ధమని తెఱచియే యుండెను. గ్రుంట్‌జిగ్ దానిని జూడలేదు. 1985లోనే విమానప్రమాదమున మరణించియుండెను.