కొంగుముడి నుండి జన్‌ధన్ ఖాతా వరకు: శ్రామికశక్తికి వెలుపలి స్త్రీలు – బ్యాంకు ఖాతా చరిత్ర

1. ఉపోద్ఘాతం

తెలుగు ఇళ్లలో స్త్రీల పొదుపునకు తొలి చోట్లు కొంగుముడి, పోపుల డబ్బా. ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర, పాలు పెరుగు అమ్మగా వచ్చిన డబ్బు అక్కడ చేరేవి. ఆ సొమ్ముకు లెక్క ఉండేది గాని ఖాతా ఉండేది కాదు. జాతీయ నమూనా సర్వేలు ఇంటిపని మాత్రమే చేసేవారిని 92, దానితోపాటు ఇంటి అవసరాలకై వంటచెరకు సేకరణ, కుట్టుపని వంటివి చేసేవారిని 93 అనే సంకేతాలతో నమోదు చేసి, ఉభయులనూ శ్రామికశక్తికి వెలుపల ఉంచుతాయి. ప్రపంచ బ్యాంకు 2017 ఫిండెక్స్ నివేదిక ప్రకారం ఖాతా లేని వయోజనులలో దాదాపు సగం మంది ఈ వెలుపలివారే. వీరిలోని గృహిణులకు మన దేశంలో ఖాతా ఏ మార్గాన వచ్చిందో, దానితోపాటు అధికారం వచ్చిందో లేదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆదాయం, భూమి ఆధారంగా బ్యాంకు

1882లో తపాలా పొదుపు బ్యాంకు ఏర్పడింది. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975లో గ్రామీణ బ్యాంకుల స్థాపన శాఖలను పల్లెలకు చేర్చాయి. అయితే పల్లెలో బ్యాంకు ప్రధానంగా పంట రుణం కోసం వెళ్లే చోటు. రుణానికి పట్టా కావాలి. పట్టా ఎక్కువగా పురుషుని పేరున ఉండేది. అందువల్ల శాఖ దగ్గరైనా గృహిణికి అక్కడ పని కలగలేదు.

3. సంఘం పేరున ఖాతా

ఈ స్థితిని మార్చినవి పొదుపు సంఘాలు. 1982లో డ్వాక్రా పథకం, 1992లో నాబార్డు చేపట్టిన సంఘాల–బ్యాంకుల అనుసంధానం ఇందుకు పునాదులు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం తరువాత పొదుపు ఉద్యమం ఆ జిల్లాలో బలపడింది. ఖాతా సంఘం పేరున ఉండేది, సంతకం నాయకురాళ్లది. సభ్యురాలి వాటా సంఘం పుస్తకాలలో కనిపించేది. స్త్రీ బ్యాంకు గడప దాటింది వ్యక్తిగా కాదు, సమూహంలో ఒకరిగా.

4. వ్యక్తి పేరున ఖాతా

2005లో రిజర్వు బ్యాంకు ప్రోత్సహించిన కనీస నిల్వ అవసరంలేని ఖాతాలు, 2014 ఆగస్టు 28న ప్రారంభమైన జన్‌ధన్ యోజన వ్యక్తిగత ఖాతాను విస్తరింపజేశాయి. ఫిండెక్స్ లెక్కల ప్రకారం భారతదేశంలో ఖాతా ఉన్న స్త్రీలు 2011లో 26 శాతం, 2017లో 77 శాతం. పురుషులు వరుసగా 44, 83 శాతం. 2021 నాటికి ఈ అంతరం దాదాపు చెరిగిపోయింది. కాని 2017లో సుమారు సగం ఖాతాలలో ఏడాదిపాటు లావాదేవీలే లేవు. 2020 ఏప్రిల్ నుండి మూడు నెలలు స్త్రీల జన్‌ధన్ ఖాతాలలో ప్రభుత్వం నెలకు 500 రూపాయలు జమచేసింది. ఆపత్కాలంలో ఆ ఖాతా అక్కరకు వచ్చిన మాట వాస్తవం. అయినా అక్కడ ఆమె పొదుపరి కాదు, గ్రహీత.

5. ముగింపు

కొంగుముడిలో సొమ్ము తక్కువ, గోప్యత ఎక్కువ. సంఘంలో గోప్యత లేదు, తోడు ఉంది. జన్‌ధన్ ఖాతాలో పేరు ఆమెది. కాని పాసుపుస్తకం ఎవరి దగ్గర ఉంది, జమ అయిన సందేశం ఎవరి ఫోనుకు వెళుతుంది, ఆ సొమ్మును ఎవరిని అడిగి తీయాలి అన్న ప్రశ్నలకు శాతాలు సమాధానమివ్వవు. స్త్రీధనాన్ని గుర్తించిన ధర్మశాస్త్ర సంప్రదాయంలోనూ స్వామ్యం, వినియోగాధికారం వేర్వేరు చర్చలే. కనుక ఖాతాల సంఖ్యతోపాటు సంఘాల తీర్మాన పుస్తకాలు, గృహిణుల మౌఖిక కథనాలు కూడ ఆధారాలుగా స్వీకరించినపుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.