రూగర్ మార్క్ పిస్టళ్లు

అమెరికాలో కుటుంబసమేతంగా షూటింగ్ రేంజికి వెళ్లేవారు విరివిగా వాడే .22 లాంగ్ రైఫిల్ పిస్టళ్ల శ్రేణి. విలియం రూగర్, అలెగ్జాండర్ స్టర్మ్ 1949లో కనెక్టికట్‌లో నెలకొల్పిన సంస్థకు తొలి ఉత్పత్తి ఇదే. తూటా చిన్నది, వెనక్కి తన్నడం స్వల్పం. కొత్తగా నేర్చుకునేవారు బెదరరు. గొట్టం, సైట్లు కదలవు, లోపలి బోల్టు మాత్రమే కదులుతుంది. అందుకే గురి నిలకడగా ఉంటుంది.

పాత నమూనాలను శుభ్రం చేయడానికి విప్పి మళ్లీ బిగించడం నిజంగా విసుగు పుట్టించే పని. 2016లో వచ్చిన మార్క్ 4కు ఒక్క బటన్ నొక్కితే చాలు. అయితే 2017 జూన్‌కు ముందు తయారైన మార్క్ 4 పిస్టళ్లను సేఫ్టీ లోపం కారణంగా సంస్థ వెనక్కి పిలిచింది. వాడినది కొనేవారు ఆ మరమ్మతు జరిగిందో లేదో తప్పక చూసుకోవాలి. ఈ పిస్టళ్లలో వాడే రిమ్‌ఫైర్ తూటాలు అప్పుడప్పుడు పేలవు. అప్పుడు పిస్టల్‌ను కాసేపు లక్ష్యం వైపే పట్టి ఉంచాలి.