బాఖ్‌ను పియానో కచేరీకి తెచ్చినవాళ్లు

పియానో కచేరీల కార్యక్రమ పత్రాల్లో ఒక వరస తరచూ కనిపిస్తుంది. విరామానికి ముందు బాఖో స్కార్లాటీయో, తర్వాత షోపానో షూమనో. మొదట బరోక్, ఆపైన రొమాంటిక్. తరతరాలుగా ఇలాగే నడుస్తోందేమో అనిపిస్తుంది కానీ, ఈ అలవాటుకు రెండు వందల ఏళ్లు కూడా నిండలేదు. దీన్ని నాటింది కూడా రొమాంటిక్ యుగం వాళ్లే.

అసలు బాఖ్ కాలానికి పియానో ఇంకా పసిబిడ్డ. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో బార్తొలొమియో క్రిస్టోఫోరి దాన్ని తయారుచేశాడు. బాఖ్ 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ కొలువుకు వెళ్లినప్పుడు అక్కడి పియానోలు వాయించి చూశాడు. కానీ ఆయన జీవితమంతా ఆర్గన్, హార్ప్సికార్డ్, క్లావికార్డ్‌లతోనే గడిచింది. హార్ప్సికార్డ్ తీగను మీటుతుంది. మెట్టును ఎంత గట్టిగా నొక్కినా ధ్వని పెద్దగా మారదు. పియానోలో చిన్న సుత్తి తీగను కొడుతుంది, వేలి బరువును బట్టి స్వరం లేస్తుంది, తగ్గుతుంది. ఈ తేడాయే తర్వాత పెద్ద తగవుకు మూలమైంది.

1750లో బాఖ్ పోయాక ఆయన కీబోర్డు రచనలు శిష్యుల చేతిరాత ప్రతుల్లోనే ఎక్కువగా తిరిగాయి. 1722 నాటి ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ తొలి సంపుటం అచ్చయింది 1801లో! బేతోవెన్ చిన్నప్పుడు బాన్‌లో దాన్ని సాధన చేశాడు. అంటే విద్వాంసులకు బాఖ్ పాఠం. కచేరీకి వచ్చే జనానికి ఆయనతో పనిలేదు.

ఆనాటి కచేరీ కూడా ఒకరిది కాదు. గాయకులు, వాద్యబృందం, మధ్యలో పియానో, అంతా కదంబం. దాన్ని మార్చింది ఫ్రాంజ్ లిస్ట్. 1840 జూన్‌లో లండన్‌లోని హనోవర్ స్క్వేర్ రూమ్స్‌లో ఆయన కచేరీని ‘రిసైటల్స్’ అని ప్రకటించారు. ఒక్క మనిషి, ఒక్క వాద్యం.

ఒక్కడే సాయంత్రమంతా నిలబెట్టాలంటే వైవిధ్యం కావాలి. అది పాతకాలంలో దొరికింది. 1829లో ఇరవై ఏళ్ల మెండెల్‌సన్ బెర్లిన్‌లో బాఖ్ ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ను మళ్లీ వినిపించి దారి తెరిచాడు. 1837లో పియానో విద్వాంసుడు మోషెలెస్ లండన్‌లో చారిత్రక కచేరీలు పెట్టి, స్కార్లాటీ రచనలను హార్ప్సికార్డ్ మీదే వాయించాడు. షోపాన్ 1838-39 చలికాలంలో మయోర్కా దీవికి బాఖ్ పుస్తకాన్ని వెంట తీసుకెళ్లి, అక్కడే తన 24 ప్రెల్యూడ్‌లు పూర్తిచేశాడు. కచేరీకి ముందు ఆయన సాధన చేసేది సొంత రచనలు కాదు, బాఖ్‌వి.

అయితే ఈ వరసను ఊరూరా అలవాటు చేసిన ఘనత క్లారా షూమన్‌దే అనాలి. కాగితం చూడకుండా వాయించడం అహంకారమని తిట్టే రోజుల్లోనే, 1837లో, పదిహేడేళ్ల వయసులో బెర్లిన్‌లో బేతోవెన్‌ను జ్ఞాపకం మీద వాయించిందావిడ. 1856లో భర్త రాబర్ట్ పోయేనాటికి ఏడుగురు పిల్లలు, కచేరీలే జీవనాధారం. బాఖ్ ఫ్యూగ్, బేతోవెన్ సొనాటా, ఆపైన షూమన్, షోపాన్, మెండెల్‌సన్‌ల చిన్న రచనలు: ఆవిడ కార్యక్రమాలు చాలావరకు ఈ పద్ధతిలో సాగేవి. 1877లో బ్రామ్స్, బాఖ్ వయొలిన్ ‘షకోన్’ను ఎడమచేతికి మాత్రమే మలిచి ఆవిడకు పంపాడు. విచిత్రమేమిటంటే, సరిగ్గా అప్పుడే సొరుగు లాగబోయి ఆవిడ కుడిచెయ్యి బెణికింది!

ఆంటన్ రూబిన్‌స్టైన్ 1885-86లో దీన్ని ఏకంగా చరిత్ర పాఠంగా మార్చేశాడు. పీటర్స్‌బర్గ్, మాస్కో, వియన్నా, బెర్లిన్, పారిస్, లండన్ వంటి నగరాల్లో ఏడేసి కచేరీలు. ఇంగ్లండ్‌కు చెందిన బర్డ్‌తో మొదలై, బాఖ్, హ్యాండెల్‌ల మీదుగా షోపాన్, రష్యన్ల దాకా. రెండో సాయంత్రం బేతోవెన్ సొనాటాలే ఎనిమిది! వినడానికీ ఓపిక కావాలి.

ఇలా తెచ్చిన బరోక్ మాత్రం రొమాంటిక్ చొక్కా తొడుక్కునే వచ్చింది. లిస్ట్, బుసోనీ చేతుల్లో బాఖ్ ఆర్గన్ రచనలు పియానో మీద ఉరుముల్లా మోగాయి. ఇది నచ్చని వాండా లాండోవ్‌స్కా హార్ప్సికార్డ్ పక్షం వహించింది. 1912లో ఆమె కోసం ప్లేయెల్ సంస్థ పెద్ద హార్ప్సికార్డ్ తయారుచేసింది. ఆమె పట్టుదల న్యాయమైనదే. కానీ పియానో మీద బాఖ్‌ను నిషేధిస్తే, షోపాన్, బ్రామ్స్ ఎవరి దగ్గర చదువుకున్నారో శ్రోతకు చెవితో తెలిసే దారి మూసుకుపోతుంది.

రెండు కాలాలూ ఒకేచోట వినాలనుకునేవారు 1861లో బ్రామ్స్ రాసిన ‘హ్యాండెల్ వేరియేషన్స్’తో మొదలుపెట్టవచ్చు. ముందు హ్యాండెల్ బాణీ, తర్వాత దాని మీద 25 రూపాంతరాలు, చివర బ్రామ్స్ సొంత ఫ్యూగ్. అరగంటలోపే అయిపోతుంది. ఆ ఏడాది డిసెంబరులో హాంబర్గ్‌లో దీన్ని వాయించింది కూడా క్లారానే.