విశ్వవిద్యాలయ నోట్సు: చరిత్ర

తరగతిలో అధ్యాపకుడు చెప్పింది రాసుకున్నా, పుస్తకాల్లోంచి పరీక్షకు పనికొచ్చేది కుదించి రాసుకున్నా, దాన్ని నోట్సు అనే అంటాం. మన కాలేజీల్లో ఇందులో చాలా రకాలున్నాయి. క్లాసులో గబగబా గీకేది రన్నింగ్ నోట్స్. ఇంటికెళ్లి తీరిగ్గా తిరగరాసేది ఫెయిర్ నోట్స్. పరీక్ష ముందు రాత్రి తిరగేసేది షార్ట్ నోట్స్. మనం ఒక్క ముక్కా రాయకుండా సంపాదించేది సీనియర్ల నోట్స్. ఈ అలవాటు విశ్వవిద్యాలయాల కన్నా పాతది. దాని వెంట మొదటి నుంచీ నడుస్తున్న తగాదా కూడా ఒకటుంది: నోటితో చెప్పిన పాఠం చెప్పినవాడిదా, రాసుకున్నవాడిదా? గురువులు, విశ్వవిద్యాలయాలు, ప్రచురణకర్తలు, కోర్టులు ఈ ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతూ వచ్చారు.

ప్రాచీన కాలం

అరిస్టాటిల్ పేరు మీద మనకు దక్కిన గ్రంథాల్లో ఎక్కువ భాగం ఆయన పాఠశాలలోని బోధనకు సంబంధించిన రాతలేనని పండితులు భావిస్తారు. బయటి పాఠకుల కోసం ఆయన రాసిన సంభాషణలు దాదాపుగా నశించాయి. అంటే అచ్చంగా పుస్తకాలనుకుని రాసినవి పోయి, పాఠాల కాగితాలు మిగిలాయన్నమాట.

రోమ్‌లో అలంకారశాస్త్రం బోధించిన క్వింటిలియన్ క్రీ.శ. 95 ప్రాంతంలో తన పెద్ద గ్రంథాన్ని వెలువరిస్తూ పీఠికలో ఒక ఫిర్యాదు చేశాడు. తాను ప్రకటించని రెండు పుస్తకాలు తన పేరుతో ఊళ్లో తిరుగుతున్నాయన్నాడు. రెండు రోజుల పాటు చెప్పిన పాఠాన్ని బానిసలు రాసుకోగా ఒకటి తయారైంది. అభిమానం ఎక్కువైన శిష్యులు సంక్షిప్త లిపిలో దించుకున్నది రెండోది. నోట్సు చేతులు మారడం మీద ఇంత స్పష్టంగా దొరికే తొలి ఫిర్యాదుల్లో ఇదొకటి. తరువాతి తరంలో తాత్వికుడు ఎపిక్టెటస్ స్వయంగా ఏమీ రాయలేదు. శిష్యుడు అరియన్ రాసుకున్న ప్రతుల వల్లే ఆయన బోధ మిగిలింది. అవి తనకు తెలియకుండానే జనం చేతుల్లో పడ్డాయని అరియన్ కూడా ముందుమాటలో చెప్పుకున్నాడు.

మన దేశంలో వేదాధ్యయనం వేరే దారి పట్టింది. పద, క్రమ, జట, ఘన పాఠాలనే అల్లికలతో జ్ఞాపకాన్నే పుస్తకంగా మార్చారు. గురుముఖతః నేర్చుకునే చోట కాగితానికి పని లేకపోయింది.

పారిస్, బొలోన్యా: వేగం మీద ఆంక్షలు, ముక్కల అద్దె

నోట్సు ఒక వ్యవస్థగా మారింది మధ్యయుగపు ఐరోపా విశ్వవిద్యాలయాల్లో. పుస్తకం అంటే తోలు మీద చేతిరాత కాబట్టి సామాన్య విద్యార్థికి అందని వస్తువు. అందుకని చాలామంది అధ్యాపకులు పాఠాన్ని నెమ్మదిగా, మాట వెంట మాట అందిస్తూ రాయించేవారు. ఇది పారిస్ ఆర్ట్స్ విభాగానికి నచ్చలేదు. పాఠం చెప్పేవారు, ఎదుట ఎవరూ రాసుకోవడం లేదన్నంత వేగంగా చెప్పాలని 1355లో శాసనం చేసింది. కేకలు వేసి, ఈలలు వేసి, రాళ్లు రువ్వి దీన్ని అడ్డుకునే విద్యార్థులను ఏడాది పాటు వెలివేస్తామని కూడా అందులోనే రాసింది. రాళ్ల సంగతి చట్టంలోకి ఎక్కిందంటే అంతకు ముందు కొన్నయినా పడి ఉంటాయనుకోవాలి.

రాసుకోవడాన్ని ఇలా అదుపు చేసిన విశ్వవిద్యాలయాలే, నకళ్ల కోసం పకడ్బందీ ఏర్పాటు కూడా చేశాయి. 13వ శతాబ్దంలో బొలోన్యా, పారిస్‌లలో నడిచిన ఈ పద్ధతిని పెసియా అంటారు. లాటిన్‌లో ఆ మాటకు ముక్క అని అర్థం. పాఠ్యగ్రంథపు ప్రామాణిక ప్రతిని కుట్టకుండా విడివిడి ముక్కలుగా ఉంచేవారు. మామూలుగా ఒక్కో ముక్కలో నాలుగు ఆకులు. విశ్వవిద్యాలయం గుర్తించిన దుకాణదారు వాటిని అద్దెకిచ్చేవాడు. అద్దె ఎంతో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది. ప్రతిలో తప్పులున్నాయేమో చూడటానికి ప్రత్యేకంగా మనుషులుండేవారు. విద్యార్థి గానీ, అతను డబ్బిచ్చి పెట్టుకున్న లేఖకుడు గానీ ఒక ముక్క తెచ్చుకుని, రాసుకుని, తిరిగిచ్చి తరువాతిది తీసుకెళ్లాలి. ఒకే గ్రంథాన్ని ఒకేసారి ఎంతోమంది నకలు చేసుకోవచ్చు.

ఇబ్బంది ఎక్కడొచ్చేదంటే, మూడో ముక్క ఇంకెవరి దగ్గరో ఉండిపోతే లేఖకుడు అంత మేర ఖాళీ వదిలి నాలుగోది మొదలుపెట్టేవాడు. తరువాత మూడోది దొరికినప్పుడు, వదిలిన చోటు చాలక అక్షరాలు ఇరికించేవాడు, లేదా చోటు మిగిలిపోయి కింద తెల్లగా కనిపించేది. ఏ ముక్క ఎక్కడ పూర్తయిందో అంచున చిన్న అంకె వేసుకునేవారు. ఆ అంకెలను, ఇరుకు అక్షరాలను వందల రాతప్రతుల్లో వెదికి పట్టుకుని ఈ పద్ధతి ఎలా నడిచిందో తేల్చినవాడు ఫ్రెంచి పరిశోధకుడు జాన్ డెస్త్రే. ఆయన గ్రంథం 1935లో వెలువడింది.

శిష్యుల నోట్సే గ్రంథాలైన వైనం

అచ్చు వచ్చాక నోట్సు అవసరం తీరిపోవాల్సింది. తీరలేదు. అచ్చయిన పుస్తకం ఎంత చవకైనా, పరీక్షలో అడిగేది ఈ పంతులుగారు చెప్పిందే కదా!

ఆడమ్ స్మిత్ 1790లో చనిపోయే ముందు తన రాతప్రతుల్లో చాలావాటిని దగ్గరుండి తగలబెట్టించాడు. అయినా గ్లాస్గోలో ఆయన న్యాయశాస్త్రం మీద చెప్పిన పాఠాలు విద్యార్థుల నోట్సులో బతికి, 1896లో అచ్చయ్యాయి. 1958లో మరికొన్ని నోట్సు ప్రతులు బయటపడ్డాయి. గురువు బూడిద చేసినా శిష్యుల నోట్సు ఆగలేదన్నమాట. హెగెల్ సౌందర్యశాస్త్ర పాఠాలను ఆయన మరణం తరువాత హోథో అనే శిష్యుడు ప్రధానంగా నోట్సుల ఆధారంగానే 1835 నుంచి ప్రచురించాడు.

వీటన్నిటిలో పెద్ద కథ ఫెర్డినాండ్ ద సొస్యూర్‌ది. జెనీవాలో ఆయన భాషాశాస్త్రం మీద ఇచ్చిన పాఠాలకు తన సొంత రాత దాదాపు ఏమీ మిగల్చకుండా 1913లో పోయాడు. సహచరులు బాయీ, సెషే విద్యార్థుల నోట్సు పోగేసి 1916లో పుస్తకం తెచ్చారు. విచిత్రమేమిటంటే ఆ ఇద్దరూ ఆ తరగతుల్లో కూర్చున్నవారు కారు. ఆధునిక భాషాశాస్త్రం మొత్తం తిరగేసి చదివిన ఆ పుస్తకం, వినని పాఠానికి కట్టిన ఫెయిర్ నోట్సు. ఇందులో సొస్యూర్ ఎంత, సంపాదకులు ఎంత అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు.

సబ్జెక్టును బట్టి

నోట్సు అన్ని శాఖల్లో ఒకలా ఉండదు. శరీరనిర్మాణ శాస్త్రంలో బొమ్మే ప్రాణం, మాట దాని పక్కన చీటీ. లెక్కల్లో నల్లబల్ల మీద మెట్టు తర్వాత మెట్టు దించుకోవాలి, మధ్యలో ఒక్క వరస జారితే మిగతాది వృథా. న్యాయశాస్త్రంలో 1870 నుంచి హార్వర్డ్‌లో లాంగ్డెల్ తెచ్చిన కేసు పద్ధతితో, తీర్పును వాస్తవాలు, ప్రశ్న, నిర్ణయం, కారణం అని విడదీసి అర పేజీలోకి కుదించడం విద్యార్థికి రోజువారీ పనైంది. భౌతికశాస్త్రంలో 1961–63 మధ్య కాల్‌టెక్‌లో రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన పాఠాల కోసం మాటలను టేపులోకి, బల్లను ఫొటోల్లోకి ఎక్కించారు. అక్కడ నోట్సు పని సంస్థే నెత్తికెత్తుకుంది. సహచరులు వాటిని మూడు సంపుటాలుగా దిద్ది తెచ్చారు.

అన్ని సబ్జెక్టులకూ సరిపోయే కాగితపు నమూనాగా పేరుపడినది కార్నెల్ పద్ధతి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువు మెళకువలు నేర్పిన వాల్టర్ పాక్ 1962లో వెలువరించిన పుస్తకంతో ఇది ప్రచారమైంది. పేజీకి ఎడమ వైపు సుమారు రెండున్నర అంగుళాల పట్టీ, అడుగున రెండు అంగుళాల ఖాళీ వదలాలి. పాఠం వింటూ రాసేది కుడివైపు పెద్ద గడిలో. తరగతి అయ్యాక ఎడమ పట్టీలో ప్రశ్నలు, కీలక పదాలు రాసి, కుడివైపు మూసి, వాటికి జవాబులు అప్పజెప్పుకోవాలి. అడుగున ఆ పేజీ సారాంశం. మన విద్యార్థుల్లో ఎక్కువమందికి అంచు అంటే ఎర్రగీత గీసి వదిలేసే చోటే. ఈ పద్ధతిలో అసలు చదువు ఆ అంచులో జరుగుతుంది.

తెలుగునాట

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టినప్పుడు అవి పాఠాలు చెప్పేవి కావు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేవి. రాజమండ్రిలోనో బందరులోనో చదివి మద్రాసు వాళ్ల పరీక్ష రాయాలి. పాఠం చెప్పేవారొకరు, ప్రశ్నపత్రం చేసేవారొకరు అయినప్పుడు, అందులోనూ పరాయి భాషలో, డిక్టేట్ చేసిన నోట్సును బట్టీ పట్టడమే భద్రమైన దారిగా మారింది. చదువు పరీక్షకు ఊడిగం చేస్తోందని 1902 నాటి విశ్వవిద్యాలయాల కమిషన్ గట్టిగానే విమర్శించింది. 1948–49లో రాధాకృష్ణన్ కమిషన్ కూడా ముందు మార్చాల్సింది పరీక్షలనేనని అంది. మధ్యలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వచ్చింది (1926), రాధాకృష్ణన్ దానికి ఉపాధ్యక్షులుగానూ పనిచేశారు. నోట్సు మీద ఆధారపడటం మాత్రం తగ్గలేదు.

హైదరాబాదులో ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. పాఠ్యగ్రంథాల కోసం ముందే అనువాద శాఖను పెట్టుకుంది. తెలుగు మాధ్యమానికి ఆ వెసులుబాటు ఆలస్యంగా, 1968లో తెలుగు అకాడమీ ఏర్పాటుతో దొరికింది. పి.వి. నరసింహారావు దాని వ్యవస్థాపక అధ్యక్షులు. అకాడమీ పుస్తకం చేతికొచ్చేదాకా తెలుగు మాధ్యమం విద్యార్థికి పాఠ్యపుస్తకం లెక్చరర్ నోట్సే. ఇంగ్లీషు పుస్తకం చదివి, పరిభాష అక్కడికక్కడ కల్పించుకుని, తెలుగులో చెప్పి రాయించిన అధ్యాపకులకు ఈ చరిత్రలో తగిన చోటు ఇంకా దక్కలేదు. 1982లో హైదరాబాదులో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం (నేటి డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం) మొదలయ్యాక, తరగతి లేని విద్యార్థి కోసం భాగాలుగా విడగొట్టిన అచ్చు పాఠాలు వచ్చాయి. పోటీ పరీక్షల అభ్యర్థులు కూడా వాటిని వెదికి కొనుక్కుంటారు.

ఇక అమీర్‌పేటది వేరే లోకం. సాఫ్ట్‌వేర్ కోర్సుల చేతిరాత నోట్సు అక్కడి జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగుతో దొరుకుతుంది. ఏ సార్ చెప్పిన పాఠమో ఆ సార్ పేరుతోనే అడిగి కొంటారు.

జిరాక్స్, న్యాయస్థానం

19వ శతాబ్దం చివర గెస్టెట్నర్ స్టెన్సిల్ నకళ్ల పద్ధతి, 1959లో జిరాక్స్ 914 యంత్రం వచ్చాక తగాదా ముదిరింది. నిజానికి అది అంతకు ముందే కోర్టుకెక్కింది. లండన్ శస్త్రవైద్యుడు జాన్ అబెర్నెథీ పాఠాలను లాన్సెట్ పత్రిక అచ్చు వేస్తే ఆయన దావా వేశాడు. విద్యార్థి తన కోసం రాసుకోవచ్చు గానీ లాభానికి ప్రచురించకూడదని 1825లో ఎల్డన్ ప్రభువు నిషేధాజ్ఞ ఇచ్చాడు. కాలిఫోర్నియాలో ఒక సంస్థ మనిషిని తరగతికి పంపి నోట్సు రాయించి అమ్మిన కేసులోనూ 1969లో తీర్పు అధ్యాపకుడి వైపే వచ్చింది.

ఢిల్లీలో గాలి ఎదురు తిరిగింది. సిలబస్ ప్రకారం పుస్తకాల్లోని అధ్యాయాలను కలిపి కోర్సు ప్యాకులుగా అమ్ముతున్న రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద, ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు దావా వేశాయి. బోధన క్రమంలో చేసే నకలుకు 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుందని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టేసింది. లైబ్రరీలో కూర్చుని చేత్తో రాసుకుంటే తప్పు కానిది, యంత్రం చేసిపెట్టినంత మాత్రాన తప్పు కాదన్నది ఆ తీర్పులోని వాదన సారం. అప్పీలులో డివిజన్ బెంచి కొన్ని అంశాలను విచారణకు తిప్పి పంపినా, కోర్సు ప్యాకుల సూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు.

రాయడం వల్ల లాభమెంత

నోట్సు రాయడానికి రెండు ప్రయోజనాలని 1972లో డి వెస్టా, గ్రే అనే మనోవిజ్ఞాన పరిశోధకులు విడదీసి చూపారు. రాసేటప్పుడు బుర్రలోకి ఎక్కడం ఒకటి, తరువాత చూసుకోవడానికి సరుకు నిల్వ ఉండటం రెండోది. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్‌ల పరిశోధన ల్యాప్‌టాప్‌లో కొట్టేవారు మాటకు మాట దించేస్తారని, లోతైన ప్రశ్నల్లో చేతిరాతవారి కన్నా వెనకబడతారని తేల్చి పత్రికలకెక్కింది. మాటకు మాట దించొద్దని ముందే చెప్పినా వాళ్లు మానలేదట. అదే ప్రయోగాన్ని 2019లో మోర్‌హెడ్, డన్‌లాస్కీ, రాసన్ మళ్లీ చేస్తే తేడా అంత స్పష్టంగా రాలేదు. వాళ్లు నోట్సే రాసుకోని బృందాన్ని కూడా పోలికకు చేర్చారు. పాఠం అయిన వెంటనే పెట్టిన పరీక్షలో, ఊరికే కూర్చుని విన్నవాళ్లు కూడా పెద్దగా వెనకబడలేదు.