సియాటిల్ ఓటు: బాలబడీ, ఆయా జీతమూ

అమెరికా వాయవ్య తీరాన వున్న సియాటిల్ నగరంలో 2014 నవంబరు 4వ తేదీతో ముగిసిన ఎన్నికలో, ఓటర్ల ఇళ్ళకు టపాలో వచ్చిన బ్యాలట్ పత్రం మీద ఒక చిత్రమైన అంశం వుంది. పసిపిల్లల సంరక్షణ గురించి 1ఎ, 1బి అని రెండు ప్రతిపాదనలు. వాటికింద రెండు ప్రశ్నలు. ఈ రెంటిలో ఏదో ఒకటి చట్టం కావాలా, వద్దా అన్నది మొదటిది. కావాలన్నా వద్దన్నా సరే, ఒకవేళ చట్టం చేయవలసివస్తే ఏది చేయాలి అన్నది రెండవది. రెండూ కావాలి అనుకునే మనిషికి గుర్తు పెట్టటానికి ఆ కాగితం మీద చోటు లేదు. ఆ ప్రతిపాదనల గుణదోషాలకన్న, ఈ చోటు లేకపోవటమే ముఖ్యమైన చారిత్రక విషయమని నేను భావిస్తున్నాను. పిల్లవాడి చదువునూ, వాణ్ణి సాకే స్త్రీ జీతాన్నీ ఎదురెదురుగా నిలబెట్టింది ప్రశ్న వేసినవారే.

ఓటర్లే నేరుగా శాసనాలు చేసే పద్ధతి వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగంలోకి 1912లో వచ్చింది. ధనిక కంపెనీల మాట చెల్లే శాసనసభలను దాటిపోవటానికి రైతులు, కార్మిక సంఘాలు పోరాడి తెచ్చుకున్న హక్కు అది. పదవిలో వున్నవారిని వెనక్కి పిలిచే హక్కు కూడా అప్పుడే వచ్చింది. ఆ హక్కు ఎవరిమీద పనిచేసిందో చూడండి. చైనా విప్లవం గురించిన రచనల ద్వారా మన పాఠకులు ఎరిగిన అన్నా లూయీ స్ట్రాంగ్, అంతకు ముందు శిశుసంక్షేమ ప్రదర్శనలు నిర్వహించిన కార్యకర్త. 1916లో ఆమె సియాటిల్ స్కూలు బోర్డుకు ఎన్నికయ్యారు. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు 1918లో ఆ ఓటర్ల చేతనే ఆమెను తొలగింపజేశారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో సుమారు 65 వేలమంది కార్మికులు సార్వత్రిక సమ్మె చేసినప్పుడు, సమ్మెదారులే వంటశాలలు నడిపారు. పాలబండ్లు తోలే కార్మికులే పిల్లలకు పాలు అందే కేంద్రాలు ఏర్పాటు చేశారు. పనివాడి పోరాటానికీ, పసిపిల్ల పాలకూ వైరం లేదని అయిదారు రోజులపాటు ఆచరణలో చూపించిన నగరమిది.

తరువాతి అర్ధశతాబ్దం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయుధ కర్మాగారాలకు స్త్రీల శ్రమ అవసరమయింది గనుక, అమెరికా ప్రభుత్వం 1943లో లాన్‌హామ్ చట్టం కింద శిశుసంరక్షణ కేంద్రాలకు డబ్బిచ్చింది. యుద్ధం ముగిసింది, 1946లో డబ్బు ఆగింది. 1971లో దేశమంతటికీ శిశుసంరక్షణ వ్యవస్థ నిర్మించే బిల్లును ఉభయసభలూ ఆమోదించగా, అధ్యక్షుడు నిక్సన్ తిరస్కరించాడు. పిల్లల పెంపకాన్ని సామూహికం చేస్తుందన్నది ఆయన చూపిన కారణాల్లో ఒకటి. జాతీయ ప్రభుత్వం ఇట్లా వదిలేసిన పని నగరాల నెత్తిన, నగరాలు ఎత్తుకోనిచోట తల్లుల నెత్తిన పడింది.

ఇక 2014. ఆ సంవత్సరం జూన్ 2న సియాటిల్ నగర కౌన్సిలు గంటకు 15 డాలర్ల కనీస వేతన చట్టాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. పుణెలో పుట్టి, 2013లో సోషలిస్టునని బాహాటంగా చెప్పుకొని కౌన్సిలుకు గెలిచిన క్షమా సావంత్ పేరు ఈ పోరాటం ద్వారానే మనదాకా వచ్చింది. అయితే చిన్న యజమానులకు ఆ చట్టం ఏళ్ళతరబడి గడువిచ్చింది. శిశుసంరక్షణ కేంద్రాలు చాలావరకు చిన్నవే. ఆయాలు, సహాయకులు ఇంకా కాచుకొని వుండవలసిందేనా? ఈ ప్రశ్నతోనే సేవారంగ ఉద్యోగుల సంఘపు 925వ శాఖ, ఉపాధ్యాయుల సమాఖ్య కలిసి సంతకాలు సేకరించి 1ఎ ప్రతిపాదన తెచ్చాయి. శిశుసంరక్షణ సిబ్బందికి 15 డాలర్లు త్వరగా రావాలి. వారికి శిక్షణ ఇచ్చే సంస్థ వుండాలి. ఏ కుటుంబమూ తన ఆదాయంలో పదోవంతుకు మించి పిల్లల సంరక్షణకు ఖర్చుపెట్టకుండా చూడటం నగర విధానం కావాలి. ఇవి అందులోని ముఖ్యాంశాలు.

మేయర్ ఎడ్ మర్రీ, కౌన్సిలు అధ్యక్షుడు టిమ్ బర్జెస్ ముందుకు తెచ్చిన 1బి వేరొక దృష్టితో తయారయింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు బాలబడులు. నాలుగేళ్ళలో రెండువేలమంది పిల్లలు. తక్కువ ఆదాయం వున్న కుటుంబాలకు ఉచితం, మిగతావారికి ఆదాయాన్నిబట్టి రుసుము. పట్టా వున్న ప్రధాన ఉపాధ్యాయులకు ప్రభుత్వ పాఠశాలలతో సమానమైన జీతం. దీనికి 5 కోట్ల 80 లక్షల డాలర్ల లెవీ. లెవీ అంటే మన రైతులకు ధాన్యం సేకరణ గుర్తుకువస్తుంది. అక్కడ లెవీ అంటే ఒక నిర్ణీతమైన పనికి, నిర్ణీతకాలానికి, ఓటర్లు తమమీద తాము వేసుకునే ఆస్తిపన్ను. మధ్యరకం ఇంటికి ఏడాదికి నలభైమూడు డాలర్లని లెక్కకట్టారు. 2014 నాటికి ఆ రాష్ట్రంలో వ్యక్తిగత ఆదాయపు పన్నే లేదు. కోటీశ్వరుల నగరంలో పిల్లల బడికి ఇళ్ళ మీద పన్ను వేయవలసిరావటంలోని వ్యంగ్యం అక్కడుంది.

ఈ రెండూ ఒకదానికొకటి పోటీ ఎట్లా అయినవి? ఒకటి ఊళ్ళోని శిశుసంరక్షణ శ్రామికులందరి గురించి, రెండవది ఒక వయసు పిల్లల బడి గురించి. ప్రజల సంతకాలతో వచ్చిన ప్రతిపాదన నచ్చకపోతే, అదే విషయంపై ప్రత్యామ్నాయాన్ని పక్కన నిలబెట్టే అధికారం నగర ఛార్టరు కౌన్సిలుకు ఇస్తుంది. కౌన్సిలు ఆ అధికారం వాడింది. సంఘాలు కోర్టుకు వెళ్ళాయి. విడివిడిగా ఓటు పెట్టమన్నాయి. కింగ్ కౌంటీ సుపీరియర్ కోర్టు కౌన్సిలు పక్షాన తీర్పు చెప్పింది. చట్టం దృష్ట్యా తీర్పు సమంజసమే కావచ్చు. కాని పాలు, అన్నం రెండూ ఒకే విషయం, ఆహారం, కనుక ఒకటే కోరుకో అన్నట్టుంది ఈ తర్కం.

సంఘాల లోపాన్ని దాచటం అభ్యుదయవాదులకు తగదు. 1ఎలో పదోవంతు లక్ష్యం వుంది. దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో లేదు. ప్రత్యర్థి చేతికి తామే కత్తి ఇచ్చినట్టయింది. డబ్బు లేని హామీ, సంఘాల స్వార్థానికి శిక్షణ సంస్థ అన్న ప్రచారం మధ్యతరగతి ఓటరుకు సులభంగా ఎక్కింది.

1బి పక్షంవారి వాదన నాకింకా ఎక్కువ అభ్యంతరకరంగా తోస్తుంది. మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962 నుంచి 1967 వరకు పెర్రీ బాలబడి ప్రయోగం జరిగింది. పేద నీగ్రో కుటుంబాల పిల్లలు, అప్పటి మాట అది, మొత్తం 123 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టును బడిలో వుంచి, ఆ తరువాత దశాబ్దాలపాటు గమనించారు. ఆర్థికవేత్త హెక్‌మన్ ప్రభృతులు దానిమీద పెట్టుబడికి ఏటా ఇంత శాతం రాబడి అని లెక్కలు తేల్చారు. అమెరికాలో బాలబడి కోసం మాట్లాడేవారందరికీ ఇదే ఆయుధం. పసివాణ్ణి వడ్డీ తెచ్చే అసలుగా చూపిస్తేనే తప్ప వాడికి బడి పెట్టరాదా? పైగా ఈ లెక్కలో మూడేళ్ళలోపు పిల్ల లేదు. నగరం రూపొందించిన బాలబడి రోజుకు ఆరు గంటలు, ఏడాదికి 180 రోజులు. తల్లి ఉద్యోగం ఆ గడియారానికి నడవదు. మిగిలిన గంటలు, మిగిలిన రోజులు ఎత్తుకొనే ఆయాకు పట్టా లేదు గనుక సమాన జీతమూ లేదు. పట్టా వున్నవారు ఉపాధ్యాయులు, లేనివారు కేవలం ప్రేమగల ఆడవాళ్ళు!

మన అంగన్‌వాడీల సంగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. 1975లో పథకం మొదలైననాటినుంచీ ఆమె పుచ్చుకొనేది జీతమనరు, గౌరవ వేతనమంటారు. 2023 డిసెంబరునుంచి 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో వారు సమ్మె చేస్తే, ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. గౌరవమే పుచ్చుకొనే మనిషి సమ్మె కడితే అత్యవసర సేవ అయిపోతుంది. ఇక్కడ ఓటు పెట్టలేదు, అంతే తేడా.

సియాటిల్‌లో మొదటి ప్రశ్నకు ఓటర్లలో మూడింట రెండువంతులమంది కావాలన్నారు. రెండవ ప్రశ్నలో అంతే భారీ ఆధిక్యంతో 1బి గెలిచింది. 1ఎకు వచ్చింది మూడోవంతుకు లోపు. దీన్ని చూసి నగర ప్రజలు శ్రామికస్త్రీల వేతనాన్ని తిరస్కరించారని రాయటం సులభమే. కాని అటువంటి ప్రశ్న వారిని ఎవరూ అడగలేదు. బాలబడులు 2015 శరత్తులో మొదలయినవి. 2018లో ఆ లెవీని బడి, కాలేజీ చదువుల పథకాలతో కలిపి, ఏడేళ్ళకు, ఎన్నోరెట్లు పెద్ద మొత్తంతో ఓటర్లు తిరిగి ఆమోదించారు. ఈసారి ఒకే ప్రతిపాదన, ఒకే ప్రశ్న. 2014లో ఓడిన ఆయాల 15 డాలర్లు మాత్రం అందరితోపాటు, సాధారణ చట్టం పెట్టిన గడువుల ప్రకారమే వచ్చాయి.