యజమాని కాదు, ధర్మకర్త

నేనుండే ఇందిరాపురం పక్కనుంచే హిండన్ నది పారుతుంది. నది ఒడ్డు భూమి ఎవరిదంటే చాలామంది చెప్పే జవాబు ఒకటే: సర్కారుది. ఆ జవాబు పూర్తిగా నిజం కాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో, వరుసగా రెండు రోజులు చెప్పింది.

12న గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, నిఘంటువు దేన్ని అడవి అంటుందో చట్టానికీ అదే అడవి. అది ఎవరి పేరున ఉన్నా సరే. కేంద్రం ముందస్తు అనుమతి లేనిదే అక్కడ మరో పని చేయరాదు. నిపుణుల కమిటీలు వేసి అడవులను గుర్తించవలసిన బాధ్యత రాష్ట్రాలది.

13న బియాస్ నది కేసు. హిమాచల్ ప్రదేశ్‌లో ఒడ్డునున్న అటవీ భూమిని 1994లో ఒక మోటెల్ కంపెనీకి లీజుకిచ్చారు. పర్యావరణ మంత్రిగా పనిచేసిన కమల్‌నాథ్ కుటుంబానికి ఆ కంపెనీతో సంబంధాలున్నాయని తీర్పే పేర్కొంది. వరద భయంతో కంపెనీ ఏకంగా నది దారినే మళ్లించబూనింది. కోర్టు లీజును రద్దు చేసింది. గుడిమాన్యానికి ధర్మకర్త ఎలాగో, నదులకూ అడవులకూ ప్రభుత్వం అలాగన్నది ఆ తీర్పు సారం. కాపాడే బాధ్యతే తప్ప ధారాదత్తం చేసే హక్కు లేదు.

2023 సవరణ అడవి నిర్వచనాన్ని కుదించింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, రాష్ట్రాలు అడవుల గుర్తింపు పూర్తిచేసేదాకా పాత అర్థాన్నే పాటించమన్నది. ఆనాటి కమిటీలు గుర్తించిన అడవుల వివరాలను బయటపెట్టమన్నది. ఇరవై ఏడేళ్ల తర్వాత కూడా అడగవలసి వచ్చింది!

మాన్యమెంతో లెక్క చెప్పని ధర్మకర్తను ఏ ఊరు నమ్ముతుంది?