భారత ఫిల్మ్, టెలివిజన్ సంస్థ (పుణె)
మహారాష్ట్రలోని పుణెలో కేంద్ర ప్రభుత్వం 1960లో నెలకొల్పిన సినిమా శిక్షణ సంస్థ. ఇది ఒకప్పటి ప్రభాత్ స్టూడియో ఆవరణలో ఉంది. 'సంత్ తుకారాం' (1936) తీసిన స్టూడియోలో లైట్లు అమర్చడం నేర్చుకోవడం ఇక్కడి విద్యార్థులకు దక్కిన అరుదైన భాగ్యం. దర్శకత్వం, ఛాయాగ్రహణం, ఎడిటింగ్, శబ్దగ్రహణం ప్రధాన కోర్సులు. టెలివిజన్ విభాగం 1974లో ఢిల్లీ నుంచి తరలివచ్చింది.

1960ల నడిమిలో బెంగాలీ దర్శకుడు ఋత్విక్ ఘటక్ ఇక్కడ పనిచేసింది కొద్దికాలమే. అయినా మణి కౌల్, కుమార్ సహానీ వంటి శిష్యుల ద్వారా ఆయన ముద్ర సమాంతర సినిమా మీద గాఢంగా పడింది. ఆవరణలోని మామిడిచెట్టును విద్యార్థులు జ్ఞానవృక్షం అంటారు. దాని నీడలో సాగే చర్చలూ ఇక్కడి చదువులో భాగమే. దర్శకులు అదూర్ గోపాలకృష్ణన్, గిరీశ్ కాసరవల్లి, ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి, 'బాహుబలి' ఛాయాగ్రాహకుడు కె.కె. సెంథిల్ కుమార్ పూర్వ విద్యార్థులు.